క్లాసులో ఇద్దరు జెరూషలు

వెంగళరావు నగర్‌లోని ఆ డిగ్రీ కాలేజీలో, బీకామ్ క్లాసు మొత్తానికి బాగా మాట్లాడే అమ్మాయి ఎవరని అడిగితే ఎవరైనా జెరూష పేరే చెప్తారు. లెక్చరర్లకు ఆ పేరు నోటికి అలవాటైపోయింది. ఆన్‌లైన్ క్లాసులో ప్రశ్న వేస్తే ఎవరూ పలకనప్పుడు, “జెరూషా, నువ్వేమంటావమ్మా?” అని ఆమెనే అడిగేవారు. ఆమె గలగలా చెప్పేది. వింతేమిటంటే, చేరి రెండేళ్లు కావస్తున్నా జెరూష ఆ క్లాసులో నోరు విప్పి ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడిందంతా వాళ్లమ్మ కృపమ్మ.

నవ్వొస్తుంది కదూ. మొదట్లో జెరూషకీ నవ్వే వచ్చింది.

కృపమ్మ డబ్బింగ్ ఆర్టిస్టు. రేపల్లె నుంచి పెళ్లయి ఫిలింనగర్ వచ్చిన మనిషి. భర్త అంతోని షూటింగులకు జనరేటర్ బండి తోలతాడు. షూటింగ్ ఎక్కడుంటే అక్కడే ఉంటాడు, ఇంటికొస్తే నిద్రపోతాడు. చర్చిలో కృపమ్మ పాడుతుంటే విని ఎవరో స్టూడియోకి తీసుకెళ్లారు, అంతే, ఇక వెనక్కి తిరిగి చూసుకోలేదు. హీరోకి తల్లి, హీరోయిన్‌కి స్నేహితురాలు, విలన్‌కి మేనత్త, ఒకసారి దయ్యం, ఒకసారి చిలక. పక్కింటి వాళ్ల టీవీలో తన గొంతు ఏడుస్తుంటే తను ఇటు గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకునేది. ఎవరూ పోల్చుకునేవారు కాదు.

ఆ ఇంట్లో ఒకరి బదులు ఇంకొకరు మాట్లాడటం తప్పేమీ కాదు మరి. అది వాళ్లకు అన్నం పెట్టే పని. జెరూష చిన్నప్పుడు బడికి ఎగనామం పెడితే, టీచరమ్మ ఫోన్ చేసినప్పుడు కృపమ్మ ముసలి గొంతుతో “నేనమ్మా, పిల్ల నాయనమ్మని” అని దగ్గుతూ ఏదో చెప్పి ఫోన్ పెట్టేసేది. ఆ నాయనమ్మ అప్పటికే పోయి చాలాకాలమైంది.

కరోనా ఏడాది జెరూష ఇంటర్ పాసై డిగ్రీలో చేరింది. క్లాసులన్నీ ఫోన్లోనే. అదే ఏడాది కృపమ్మకి కరోనా వచ్చింది. బతికి బయటపడింది కానీ ఊపిరి మునుపటిలా నిలవడం మానేసింది. రెండు డైలాగులు చెప్పేసరికి ఆయాసం. గంటల తరబడి మైకు ముందు నిలబడటం ఇక ఆమె వల్ల కాలేదు. శ్రీనగర్ కాలనీలోని స్టూడియోలో సౌండ్ ఇంజనీర్ ఓంప్రకాష్ మంచివాడు. “ఫికర్ చెయ్యకు అక్కా. నీకు బాగయ్యేదాంక బిడ్డను పంపు, గుంపుల నిలబడితే సాలు” అన్నాడు.

గుంపు అంటే, సినిమాలో సంతలో జనం, పెళ్లిలో జనం, ఆసుపత్రి ముందు గోల చేసే జనం. ఆ సందడంతా స్టూడియోలో పది మంది మైకు చుట్టూ నిలబడి చేస్తారు. ఇంటిని నడపాలి కాబట్టి జెరూష వెళ్లింది. క్లాసు జరిగే సమయమూ స్టూడియో సమయమూ ఒకటే అయ్యాయి. “నువ్వెళ్లవే, అటెండెన్సు సంగతి నేను చూసుకుంటా” అంది కృపమ్మ. కెమెరా పెట్టక్కర్లేదు, నెట్ చాలదని అందరూ ఆపేసుకున్నారు. ఆ రోజు పేరు పిలిచినప్పుడు కూతురి గొంతుతో “ప్రెజెంట్ సర్” అంది. సాయంత్రం అది మళ్లీ చేసి చూపిస్తే జెరూషా, ఇంటికొచ్చి ఉన్న అంతోనీ కడుపుబ్బా నవ్వారు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండును. ఆగలేదు.

ప్రెజెంట్ చెప్పి ఫోన్ పక్కన పెట్టేసే మనిషి కాస్తా, వంట చేస్తూ పాఠం వినడం మొదలుపెట్టింది. తర్వాత వంట ముందే ముగించుకుని వినడం మొదలుపెట్టింది. ఎకనామిక్స్ చెప్పే వరప్రసాద్ సార్ ధర పెరిగితే కొనేవాళ్లు తగ్గుతారని చెప్తుంటే, ఉండబట్టలేక మైకు నొక్కి, “మరి పెళ్లిళ్ల రోజుల్లో మల్లెపూలు ఎంత పెరిగినా కొంటూనే ఉంటారు కద సర్?” అని అడిగేసింది. సార్ సంబరపడిపోయాడు. తెర మీది ఖాళీ చతురస్రాలకు పాఠం చెప్పీ చెప్పీ ఆయన ప్రాణం విసిగిపోయి ఉంది, పాపం. ఆ రోజు నుంచి జెరూష అంటే ఆయనకు అభిమానం. రాత్రి అన్నాల దగ్గర కృపమ్మ ఆ రోజు పాఠమంతా కూతురికి ఒప్పజెప్పేది. దాంతోనే జెరూష పరీక్షలు రాసింది, మాస్కు కట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా. మార్కులు కూడా బాగానే వచ్చాయి.

“సార్ నన్ను మెచ్చుకున్నాడే” అనేది కృపమ్మ. నన్ను అనేది. జెరూష ఆ మాట విన్నప్పుడల్లా తినడం ఆపి మంచినీళ్లు తాగేది.

స్టూడియోలో జెరూషకి ఎదురైన చిక్కు వేరే. గుంపులో ఎవరి గొంతూ విడిగా తెలియకూడదు. తెలిస్తే ఆ టేక్ పాడైనట్టే. జెరూష గొంతు సన్నగా, గంటలా ఉండేది. “బిడ్డా, నీ గొంతు అలగ్ వినిపిస్తుంది. జర కలుపు” అని ఓంప్రకాష్ అద్దం వెనక నుంచి రోజూ చెప్పేవాడు. కలిపింది. అరిచి అరిచి, రాపాడించి, నలుగురి గొంతులో పడిపోయేలా తన గొంతును మొద్దుబార్చుకుంది. ఏడాది తిరిగేసరికి ఓంప్రకాష్ ఆ మాట అనడం మానేశాడు. ఇంటికొస్తే మాట బొంగురుగా వచ్చేది. చర్చిలో పాడేవాళ్లలో నిలబడితే పక్కవాళ్లు ఒకసారి తిరిగి చూశారు. తర్వాత నుంచి ఆమె పాడకుండా పెదాలు మాత్రం కదిపేది.

రెండో సంవత్సరం మధ్యలో కాలేజీ తెరిచారు. రావాలనుకున్నవాళ్లు రండి, మిగతావాళ్లు ఇంటి నుంచే వినండి అన్నారు. జెరూష వెళ్తానంది. ఈ సినిమా ఒక్కటీ అయిపోనీ అంది తల్లి. ఆ సినిమా అయింది, ఇంకోటి వచ్చింది. ఫిలింనగర్‌లో సినిమాలకు కొదవేముంది! ఒకరోజు స్టూడియో తొందరగా వదిలేస్తే, జెరూష ఉండబట్టలేక ఐడీ కార్డు మెడలో వేసుకుని చెక్‌పోస్టు మీదుగా బస్సులో కాలేజీకి వెళ్లింది. లోపలికి పోవడానికి మొహం చెల్లలేదు. మెట్ల మీద ఓ మూల కూర్చుంది.

పై మెట్టు మీద వాళ్ల క్లాసువాళ్లే కూర్చుని వాదించుకుంటున్నారు. సుహాస్ అనే అబ్బాయి అసిస్టెంట్ డైరెక్టర్‌గా తిరుగుతున్నాడట, లొకేషన్లో ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని పాఠం వినొచ్చు, ఆన్‌లైనే హాయి అంటున్నాడు. హరిణి అనే పిల్ల, ఇంట్లో ఉంటే క్లాసు మధ్యలో పాలకి పంపిస్తారు, కొరియర్‌కి తలుపు తియ్యమంటారు, తనకి కాలేజీయే కావాలంది. రెండు బస్సులు మారి వచ్చేవాడొకడు ఆన్‌లైన్ అన్నాడు. క్లాస్ లీడర్ గీతిక అందర్నీ విని, “అందరం ఎదురుగా ఉంటేనే క్లాసులా ఉంటుంది. ఆ జెరూష ఎవరో గానీ తనొస్తే చూడాలి, భలే మాట్లాడుతుంది” అంది. జెరూష వాళ్లకు నాలుగు మెట్ల కింద ఉంది. నేనేనని చెప్పాలని గొంతు దాకా వచ్చింది. ఏ గొంతుతో చెప్తుంది? లేచి వచ్చేసింది. బస్సు ఎక్కాక ఏడుపొచ్చింది.

మూడో సంవత్సరం మొదలవబోతుండగా కాలేజీవాళ్లు తేల్చేశారు. ఇక రెండు పడవల మీద కాళ్లు కుదరవు. ఆన్‌లైన్ వాళ్లొక సెక్షను, క్లాసుకు వచ్చేవాళ్లొక సెక్షను. ఒకసారి చెప్పాక ఏడాదంతా అందులోనే ఉండాలి. ముందు ఫోన్లో ఓట్లు వెయ్యమంటే, ఒకరి బదులు ఒకరు వేసి గందరగోళం చేశారు. అప్పటికే క్రాంతికుమార్ అనేవాడు స్నేహితుడి చేత హాజరు పలికించుకుని దొరికిపోతే, అతణ్ణి డిటైన్ చేసి, ఏడాది పరీక్షలకు కూర్చోనివ్వకుండా ఇంటికి పంపించారు. అందుకని వరప్రసాద్ సార్, ఆన్‌లైన్ క్లాసులోనే పేరు పిలుస్తాను, ఎవరి నోటితో వాళ్లు చెప్పండి, అదే ఖాయం అన్నాడు.

జెరూష తల్లితో ఖచ్చితంగా చెప్పేసింది. మూడో ఏడాది అయినా కాలేజీ మొహం చూడాలి. బెంచీ మీద కూర్చోవాలి. ఓంప్రకాష్ అన్నతో తను మాట్లాడుకుంటుంది, సెలవుల్లో పని చేస్తుంది. అమ్మ ఆరోగ్యం ఇప్పుడు నయమే, చిన్న చిన్న వేషాలకు గొంతు ఇవ్వగలుగుతోంది కూడా. కృపమ్మ అంతా విని, సరే తల్లీ అంది. సరే అంటూ ఫోన్‌ని ఛార్జింగ్‌లో పెట్టడానికి లేచింది.

పేర్లు పిలిచే రోజు జెరూష ఇంట్లోనే ఉండాలనుకుంది. పొద్దున్నే ఓంప్రకాష్ ఫోన్ చేశాడు. సినిమా విడుదల దగ్గరికొచ్చింది, పెళ్లి సీను గోల మళ్లీ చెయ్యాలి, మనుషులు తక్కువ పడ్డారు, రాకపోతే ఎట్లా బిడ్డా అని బతిమాలాడు. కరోనాలో ఆదుకున్న మనిషి, కాదనలేకపోయింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి తల్లి చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, క్లాసు అని చెప్పు. మర్చిపోకు.”

“నాకు తెలీదా ఏంటి. నువ్వెళ్లు.”

స్టూడియోలో టీకి వదిలినప్పుడు జెరూష బయట మెట్ల కింద నిలబడి, మనసాగక తన ఫోన్ నుంచి కూడా క్లాసులోకి వెళ్లింది. మైకు ఆపి ఉంచింది. ఊరికే విందామని. పేర్లు వరసగా వస్తున్నాయి. గీతిక క్లాసు అంది. హరిణి క్లాసు అంది. జెరూష పేరు వచ్చింది.

“ఆన్‌లైన్ సర్” అని తన గొంతే వినిపించింది.

జెరూష ఫోన్ని చెవికి గట్టిగా అదుముకుంది. సార్ నిరాశపడ్డాడు. “అదేంటమ్మా, నువ్వొస్తావనుకున్నానే” అన్నాడు. అప్పుడా గొంతు కొంచెం తగ్గి, మెల్లిగా, “ఇంట్లో అమ్మకి బాగోదు సర్. నేను పక్కన లేకపోతే ఆమె ఉండలేదు” అంది. ఎంత చక్కగా అందంటే, ఒక్క క్షణం జెరూషకి ఆ అమ్మాయి మీద జాలి కలిగింది.

మరుక్షణం ఒళ్లు మండిపోయింది. మైకు నొక్కింది. “కాదు సర్. క్లాసు. నేను క్లాసుకి వస్తాను” అంది.

ఎవరమ్మా మధ్యలో అన్నాడు సార్.

“జెరూషని సర్.”

క్లాసంతా గొల్లున నవ్వింది. తెర మీద జెరూష పేరు రెండు చోట్ల కనపడుతోందని ఎవరో అన్నారు. సార్‌కి కోపం వచ్చింది. క్రాంతికుమార్ సంగతి తెలిసీ ఇంకా ఆటలేనా అన్నాడు. జెరూష గొంతు రెండేళ్లుగా వింటున్నాను, నాకు తెలియదనుకున్నారా అన్నాడు. జెరూషా, ఎవరిది ఆ ఫోను అని అడిగాడు.

అమ్మ ఇప్పుడు నిజం చెప్తుందని జెరూష అనుకుంది. అలా అనుకుంటూనే, చెప్తే ఏమవుతుందో కూడా తోచింది.

“మా చెల్లెలు సర్” అంది ఆ గొంతు. “పాత ఫోన్‌తో ఆడుకుంటోంది. సారీ సర్.”

సార్ జెరూషను క్లాసులోంచి తీసేశాడు. లోపలి నుంచి ఓంప్రకాష్ పిలిచాడు. పెళ్లి మొదలైంది. జెరూష వెళ్లి మైకు చుట్టూ నిలబడ్డవాళ్లలో కలిసి, రండి రండి, భోజనాలకు లేవండి, అమ్మాయి తరఫువాళ్లు ఎక్కడ అని అరిచింది. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నా గొంతు ఎక్కడా విడిగా తెలియలేదు. టేక్ బాగుందన్నారు.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే అడిగింది, నాకు లేని చెల్లెల్ని ఎందుకు పుట్టించావని. కృపమ్మ మంచం మీద కూర్చుని చీర కొంగు చుడుతూ విప్పుతూ ఉంది. నిజం చెప్తే నిన్ను కూడా డిటైన్ చేసేవాళ్లు కదే అంది. మరి ఆన్‌లైన్ అని ఎందుకన్నావంటే కొంగు వదిలేసి చెప్పింది. పదో తరగతిలో తనది ఊళ్లో మొదటి మార్కు. ఇంటర్‌లో చేర్చకుండా పెళ్లి చేశారు. ఇక్కడికొచ్చి వందమందికి గొంతిచ్చింది. అందరూ, కాగితం చేతికిచ్చి అందులో ఉన్న మాట పలకమన్నవాళ్లే. కృపమ్మా, ఇది ఏడుపు, ఇది నవ్వు, ఇది కేక, అన్నవాళ్లే.

“ఆ సార్ ఒక్కడే, నువ్వేమంటావమ్మా అని అడిగాడే నన్ను” అంది. “పుట్టి బుద్ధెరిగాక నన్నామాట ఎవరూ అడగలేదు.”

“ఆయన అడిగింది నన్నమ్మా” అంది జెరూష.

కృపమ్మ మొహం పాలిపోయింది. ఏడుస్తుందనుకుంది జెరూష, ఏడవలేదు. లేచి లోపలికి పోయి స్టవ్ వెలిగించింది. జెరూషకి అయ్యో అనిపించింది, అలా అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది. తల్లి మీద కోపం నిలుపుకోవడానికి కూడా ఆ ఇంట్లో చోటు లేదు. ఆ రాత్రి అన్నాల దగ్గర పాఠం లేదు.

రెండు రోజులు అలాగే గడిచాక కృపమ్మే ఫోన్ తీసి వరప్రసాద్ సార్‌కి చేసింది. ఈసారి తన సొంత గొంతుతో. జెరూష తల్లినండీ, నాకిప్పుడు నయంగానే ఉందండీ, పిల్ల నా కోసమని అలా చెప్పింది గానీ దానికి క్లాసుకి రావాలనే ఉందండీ, దయచేసి మార్చండి అని ప్రాధేయపడింది. సార్ సంతోషించాడు. మార్చడం కష్టమే గానీ జెరూష కోసం తను మాట్లాడతానన్నాడు. ఇంత మంచి పిల్లను కన్నారు, ఒకసారి ఫోన్ జెరూషకివ్వండి అన్నాడు. కృపమ్మ ఫోన్ కూతురి ముందు పెట్టింది. జెరూష నోరు తెరిచింది. ఏ మాట వచ్చినా తన బొంగురు గొంతే వస్తుంది, సార్ తెర మీంచి తీసేసిన గొంతు. తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక లాభం లేదని కృపమ్మే వంగి, జెరూష మొహం మీదికి మొహం పెట్టి, కూతురి గొంతుతో “థాంక్యూ సర్” అంది.

సీటు దొరికింది. అదేం సీటో ఆ రోజే ఇద్దరికీ అర్థమైంది. క్లాసులో వరప్రసాద్ సార్ ఎదురుగా కూర్చుని సొంత గొంతు విప్పితే, రెండేళ్ల హాజరంతా దొంగ హాజరని తేలిపోతుంది. అప్పుడు ఏ సెక్షనూ ఉండదు, ఇల్లే గతి.

“నేర్పుతా రా” అంది కృపమ్మ.

కాలేజీ తెరిచేదాకా పొద్దునపూట నేర్పింది. మాట మొదట్లో ఊపిరి ఎక్కువ వదలకు. చివర కొంచెం పైకి ఎత్తు. నవ్వు ముక్కులోంచి రావాలి. తల్లి చెప్పినట్టే జెరూష చెప్పబోయేది, గొంతు గరగరలాడేది, మళ్లీ చెప్పేది. ఎవరి గొంతమ్మా ఇది, ఎక్కడ పట్టావని విసుగొచ్చి ఒకరోజు అడిగింది.

“నీదే కదే” అంది తల్లి, అడిగినందుకే వింతపడుతూ. “స్టూడియోకి పంపకముందు నువ్విలాగే మాట్లాడేదానివి. అదే దాచిపెట్టా.”

జెరూష మొహం కడుక్కుని వచ్చి మళ్లీ మొదలుపెట్టింది.

మొదటి రోజు క్లాసు నిండింది. గోడ మీద సున్నం వాసన, గొణుగుతున్న ఫ్యాను, బెంచీ మీద ఎవరో చెక్కిన పేర్లు. గీతిక చోటిచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. రెండేళ్లుగా జెరూష కోరుకున్నదంతా అక్కడ ఉంది. సార్ పేరు పిలిచినప్పుడు చివర కొంచెం పైకెత్తి “ప్రెజెంట్ సర్” అంది. సార్ తలెత్తి చూసి, అమ్మయ్య, వచ్చావన్నమాట అన్నాడు. తర్వాత అందరినీ అడిగాడు, ఇంట్లో ఫోన్లో వినడానికీ ఇక్కడ కూర్చోవడానికీ తేడా ఏముందని. ఒకరిద్దరు ఏదో అన్నారు. ఆయన జెరూష వైపు తిరిగాడు.

“నువ్వేమంటావమ్మా?”

జెరూష లేచి నిలబడింది. ఇక్కడైతే మన మొహం కనపడుతుంది సర్, మనం మాట్లాడామో లేదో పక్కవాళ్లకి తెలుస్తుంది సర్, అంది. నేర్చుకున్న గొంతు ఎక్కడా జారలేదు. అదీ సంగతి అన్నాడు సార్. క్లాసంతా వెనక్కి తిరిగి ఆమెనే చూసింది. ఫోన్లో లాగే మాట్లాడుతోందే అని ముందు బెంచీలో ఎవరో అన్నారు. ఎవరు బాగా మాట్లాడారో జెరూషకి తెలుసు. కూర్చోగానే కళ్లు నిండిపోయాయి, ఎంత ఆపుకున్నా ఆగలేదు.

గీతిక కంగారుపడి చెయ్యి పట్టుకుంది. ఏమైందే, ఎందుకేడుస్తున్నావని చెవిలో అడిగింది.

“ఏం లేదు. ఇంట్లో అమ్మ గుర్తొచ్చింది” అంది జెరూష, వాళ్లమ్మ గొంతుతో.